మాట ఒకటి, అర్థాలు రెండు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. ఒక మాటకో, ఒక వాక్యానికో ఒకటికంటే ఎక్కువ అర్థాలు తోచినప్పుడు ఏది సరైనదో ఎలా తేల్చుకోవాలి, అలా తోచేటట్టు రాసినవారి బాధ్యత ఎంతవరకు అన్నది ఆ సమస్య. అందుకే వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: నిఘంటువు తెరిస్తే ఒక్కొక్క మాటకు నాలుగైదు అర్థాలు, కొన్నిటికి పదికి మించి అర్థాలు కనిపిస్తాయి. అయినా మాట్లాడుకునేటప్పుడు మనం తికమకపడం. వినేవారి మనసు అన్ని అర్థాలలోంచి ఒక్కదాన్ని ఎలా ఎంచుకుంటుంది? మన పూర్వులు దీని గురించి ఏమైనా చెప్పారా?
(డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: చెప్పారు, అదీ చాలా వివరంగా చెప్పారు. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో, పలు అర్థాలున్న మాటలను చెప్పే నానార్థవర్గం ‘హరి’ అనే ఒక్క శబ్దానికి యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అనే పదమూడు అర్థాలను ఒకే శ్లోకంలో కూర్చి, కపిలవర్ణం గలది అనే విశేషణార్థాన్ని కూడా చేర్చింది. అయినా ‘శంఖచక్రాలు ధరించిన హరి’ అన్నప్పుడు కప్ప గాని, కోతి గాని ఎవరి మనసులోకీ రావు. ఎందుకు రావో సుమారు 5వ శతాబ్దికి చెందిన వ్యాకరణవేత్త భర్తృహరి ‘వాక్యపదీయం’ రెండో కాండంలో చెప్పాడు. ఒక వస్తువుతో కలిసి ఉండటం, దాని నుంచి విడివడటం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం (అంటే మాట వచ్చిన సందర్భం), ప్రత్యేకమైన గుర్తు, పక్కనున్న మరో మాట, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం, వ్యాకరణ లింగం, స్వరం మొదలైనవి కలిసి అర్థాన్ని నిర్ణయిస్తాయని ఆయన సిద్ధాంతం.

తరువాతి ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవారు, వీటికి చక్కని ఉదాహరణలు ఇచ్చారు. ‘రామలక్ష్మణులు’ అన్నప్పుడు లక్ష్మణుడు పక్కన ఉన్నాడు కాబట్టి రాముడు దశరథుని కొడుకు అవుతాడు. అర్జునుడితో వైరం గల రాముడు అంటే ఆ వైరాన్ని బట్టి రాముడు పరశురాముడూ, అర్జునుడు కార్తవీర్యుడూ అవుతారు. ‘చిత్రభానుడు వెలుగుతున్నాడు’ అనే మాట పగలు వింటే సూర్యుడు, రాత్రి వింటే అగ్ని. భోజనానికి కూర్చున్నవాడు ‘సైంధవం తీసుకురా’ అంటే ఉప్పు, ప్రయాణానికి సిద్ధమైనవాడు అంటే గుర్రం.

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సామర్థ్యం. ‘మధువుతో మత్తెక్కిన కోకిల’ అన్నప్పుడు మధువుకు వసంతం అనే అర్థమే చెప్పాలని, కోకిలకు మత్తెక్కించే శక్తి వసంతానికే ఉందని పెద్దలు వివరించారు. తెలుగులో దీనికి ఇంకా సూటి ఉదాహరణలు దొరుకుతాయి. ‘కప్ప తిన్న పాము’, ‘నెమలి తిన్న పాము’ అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ మాటల వరుస ఒకటే, ప్రత్యయాలు ఒకటే. అయినా మొదటిదానిలో తిన్నది పాము, రెండోదానిలో తిన్నది నెమలి. మనుషులు కాని వాటి పేర్ల చివర ‘ని’ ప్రత్యయాన్ని వదిలేయడానికి తెలుగులో వీలుంది కాబట్టి ఇక్కడ వ్యాకరణం ఏమీ తేల్చదు. దేన్ని ఏది తినగలదో మనకు తెలిసి ఉండటం వల్లనే అర్థం తేలుతోంది.

స్వరం సంగతి కూడా చిన్నది కాదు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేస్తూ ‘ఇంద్రశత్రు’ శబ్దాన్ని తప్పు స్వరంతో పలికాడనీ, దాంతో ‘ఇంద్రుణ్ణి చంపేవాడు’ అనే అర్థం పోయి ‘ఇంద్రుడు ఎవరిని చంపుతాడో వాడు’ అనే అర్థం వచ్చి, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చచ్చాడనీ ఉచ్చారణ నియమాలు చెప్పే మన శిక్షాగ్రంథాలు హెచ్చరిస్తాయి. ఈనాటి తెలుగులో ‘బాగా చేశావు’ అనే మాట మెప్పో, మందలింపో గొంతును బట్టే తెలుస్తుంది.

గమనించవలసినది ఏమిటంటే, ఈ సాధనాలలో చాలా భాగం వాక్యం లోపల ఉండవు, చుట్టూ ఉంటాయి. చోటు, వేళ, గొంతు, ఎదుటివారితో పరిచయం, చూపుడువేలు వంటివన్నీ మాట్లాడేవారికి ఉచితంగా దొరుకుతాయి. అదే వాక్యం కాగితం మీదికి ఎక్కగానే వీటిలో సగానికి పైగా జారిపోతాయి. సందిగ్ధత గురించిన తగవులు నోటిమాటల్లో కంటే రాతల్లో ఎక్కువ రావడానికి కారణం అదే. జారిపోయిన ప్రతిదాని స్థానంలో ఒక మాట పెట్టవలసిన పని రాసేవారి మీద పడుతుంది.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పరీక్షలో ‘మా అన్నలాగా నేను చదువుకోలేదు’ అనే వాక్యం ఇచ్చి, ‘అన్న చదువుకున్నాడా?’ అని అడిగాను. సగం మంది అవును అని, సగం మంది కాదు అని రాశారు. ఎవరికి మార్కులు ఇవ్వాలి?
(తెలుగు ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా)

జవాబు: ఇద్దరికీ ఇవ్వండి. ఆ వాక్యానికి రెండు అర్థాలూ నిజంగా ఉన్నాయి. ‘అన్నలాగా’ అనే మాట ‘చదువుకోవడం’తో ముందు కలిసి, ఆ మొత్తాన్ని ‘లేదు’ తోసిపుచ్చితే, అన్న బాగా చదివాడు, నేను అంతగా చదవలేదు అని అర్థం. అలా కాకుండా ‘చదువుకోలేదు’ అనేది ముందు ఒక ముద్దగా ఏర్పడి, దానికి ‘అన్నలాగా’ వచ్చి చేరితే, అన్నకూ చదువు లేదు, నాకూ లేదు అని అర్థం. వ్యతిరేక క్రియ ఉన్న వాక్యంలో ‘లాగా’, ‘వలె’, ‘ట్టు’ వచ్చిన ప్రతిచోటా ఈ చిక్కు పొంచి ఉంటుంది. ‘డాక్టరుగారు చెప్పినట్టు నేను మందు వేసుకోలేదు’ అనే వాక్యాన్ని తీసుకుంటే, డాక్టరు వేసుకోమన్నారో, వద్దన్నారో దాన్నిబట్టి తెలియదు. రోగి క్షేమం దాని మీద ఆధారపడినప్పుడు ఇది వ్యాకరణ వినోదంగా మిగలదు. ‘డాక్టరుగారు వేసుకోమన్నారు, నేను వేసుకోలేదు’ అని రెండు క్రియలుగా విడదీయడమే దీనికి మందు.

ఇదే జాతికి చెందిన మరి రెండింటిని కూడా తరగతిలో చెప్పండి. ‘పాత పుస్తకాల దుకాణం’లో పాతవి పుస్తకాలా, దుకాణమా? విశేషణం పక్కనున్న మాటకు చెందుతుందో, చివరి మాటకు చెందుతుందో తెలుగు సమాసం చెప్పదు. ‘పాత పుస్తకాలు అమ్మే దుకాణం’, ‘పుస్తకాలు అమ్మే పాత దుకాణం’ అని విప్పి రాయాలి. రెండోది ‘తన’. ‘సీత తన డబ్బు తీసుకుందని రమ చెప్పింది’ అంటే ఆ డబ్బు సీతదీ కావచ్చు, రమదీ కావచ్చు. ‘తన’ అనే మాట దగ్గరి కర్తనూ, దూరపు కర్తనూ సమానంగా అందుకోగలదు. ఇటువంటి చోట పేరును రెండోసారి రాయడానికి మొహమాటపడకూడదు. పునరుక్తి దోషమని పిల్లలకు మనం మరీ ఎక్కువగా నూరిపోయడం వల్ల, స్పష్టత కోసం చేయవలసిన పునరుక్తిని కూడా వారు మానేస్తున్నారని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది బట్టల కొట్టు. ఫోనులో ‘పచ్చ చీర’ కావాలన్న వారికి ఆకుపచ్చ పంపితే పసుపుపచ్చ అడిగామంటున్నారు. తప్పు ఎవరిది?
(ఒక వ్యాపారి, చీరాల)

జవాబు: ఎవరిదీ కాదు. పచ్చని పైరులోనూ, పచ్చజెండాలోనూ అది ఆకు రంగు. పచ్చకామెర్లలో అది పసుపు రంగు. తెలుగువారు రెండు రంగులకూ ఒకే మాట వాడుతూ వచ్చారు కాబట్టే ‘ఆకు’, ‘పసుపు’ అనే మాటలను ముందు చేర్చి విడదీసుకోవలసి వచ్చింది. కొనేవారు ఆ మాట చేర్చకపోతే అమ్మేవారు అడిగి తెలుసుకోవాలి.

మీ ప్రశ్న సందర్భంగా ఒక తేడా చెబుతాను. ‘పచ్చ’లో ఉన్నది సందిగ్ధత, అంటే విడివిడిగా ఉన్న రెండు అర్థాల మధ్య ఊగడం. ‘లేత ఆకుపచ్చ’లో ఉన్నది అస్పష్టత. అక్కడ అర్థం ఒకటే గాని, లేత ఎక్కడ ఆగి ముదురు ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపలేం. ‘తగినంత ఉప్పు’, ‘ఊరికి దగ్గర’, ‘నాలుగైదు రోజుల్లో’ అన్నవి కూడా ఈ రెండో రకానివే. సందిగ్ధతకు ఒక్క ప్రశ్న చాలు, ఇదా అదా అని అడిగితే తీరిపోతుంది. అస్పష్టత తీరాలంటే కొలతో, నమూనానో, ఫొటోనో కావాలి. అయితే వంటలో ‘తగినంత’ అన్నది లోపం కాదు, ఎవరి నాలుకకు తగ్గట్టు వారు వేసుకోవడానికి ఇచ్చిన చోటు అది.

ప్రశ్న: మా తాతగారి వీలునామాలో ‘నా ఆస్తి నా పెద్ద కుమారుడు, చిన్న కుమారుని పిల్లలకు సమానముగా చెందవలెను’ అని ఉంది. దీని మీద మా ఇంట్లో మాటలు పెరుగుతున్నాయి. భాష ప్రకారం దీనికి సరైన అర్థం ఏది?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆస్తి ఎవరికి చెందుతుందో చెప్పవలసినది న్యాయవాది, తేల్చవలసినది న్యాయస్థానం. భాష ఎంతవరకు చెబుతుందో అంతవరకు నేను చెబుతాను.

తెలుగులో పేర్లను వరుసగా చెప్పినప్పుడు విభక్తి చివరి పేరుకే చేరడం సహజం. అందువల్ల మీ వాక్యంలోని ‘కు’ ఎక్కడి వరకు వర్తిస్తుంది అన్నది మొదటి చిక్కు. పెద్ద కుమారుడికీ, చిన్న కుమారుని పిల్లలకూ అనేది ఒక పాఠం. కుమారులిద్దరి పిల్లలకూ అనేది మరొకటి. రెండో అర్థమే ఉద్దేశమైతే ‘కుమారుల పిల్లలకు’ అని బహువచనం రావాలి. ఇక్కడ ‘కుమారుని’ అని ఏకవచనం ఉంది కాబట్టి వ్యాకరణం మొదటి పాఠం వైపు మొగ్గుతోంది. అయితే ఇంటిలో కూర్చుని వీలునామా రాసుకునే పెద్దలు వచనాన్ని అంత పట్టుబట్టి పాటించరు కాబట్టి ఈ మొగ్గునే తీర్పుగా భావించవద్దు. ‘సమానముగా’ అన్నది రెండో చిక్కు. చిన్న కుమారునికి ముగ్గురు పిల్లలున్నారనుకుంటే, శాఖల లెక్కన సమానమైతే పెద్ద కుమారుడికి సగం వస్తుంది, తలల లెక్కన సమానమైతే నాలుగో వంతు వస్తుంది. అంటే ఒక్క మాటలో పావు వంతు ఆస్తి తేడా ఉందన్నమాట.

ఇటువంటి వాక్యాల కోసమే చట్టం కొన్ని మార్గాలు ఏర్పరిచింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 82వ సెక్షను ప్రకారం వీలునామాలోని ఏ వాక్యానికైనా అర్థాన్ని మొత్తం పత్రాన్ని చదివి గ్రహించాలి. కాబట్టి మీ తాతగారు అదే పత్రంలో మరోచోట ‘సమానముగా’ అన్న మాటను ఎలా వాడారో, మనుమలను పేరుపేరునా చెప్పారో లేదో ముందుగా చూడండి. ఏ నిశ్చితమైన ఉద్దేశమూ కనిపించని రాత చెల్లదని 89వ సెక్షను చెబుతుంది. ‘షెడ్యూలులో చెప్పిన వస్తువులన్నీ ఫలానా వారికి ఇస్తున్నాను’ అని రాసి, షెడ్యూలే లేకపోతే ఆ దానం వ్యర్థమని అక్కడి ఉదాహరణ.

దస్తావేజుల విషయంలో 1872 నాటి భారత సాక్ష్య చట్టం మరో ముఖ్యమైన విభజన చేసింది. పత్రాన్ని చదవగానే లోపం కనిపిస్తుంటే, దాన్ని బయటి సాక్ష్యంతో పూరించనివ్వదు. ‘వెయ్యి రూపాయలకో, పదిహేను వందలకో గుర్రాన్ని అమ్ముతాను’ అని రాసుకుంటే, అసలు ధర ఏదో సాక్షులను పిలిచి చెప్పించడం కుదరదు. పత్రం చదవడానికి తేటగా ఉండి, లోకంలోని వస్తువులతో పోల్చినప్పుడు మాత్రమే చిక్కు బయటపడితే, అప్పుడు సాక్ష్యాన్ని అనుమతిస్తుంది. ‘నా తెల్ల గుర్రం’ అమ్ముతానన్నవాడికి రెండు తెల్ల గుర్రాలు ఉంటే ఏ గుర్రమో రుజువు చేయవచ్చు. ఆ చట్టంలోని 96వ సెక్షను కింద ఉన్న మరో ఉదాహరణ మనవారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. ఒకడు మరొకడితో కలిసి హైదరాబాదు వెళ్లడానికి ఒప్పుకున్నాడట. అది దక్కనులోని హైదరాబాదా, సింధులోని హైదరాబాదా అన్నది సాక్ష్యంతో తేల్చుకోవచ్చునట. భర్తృహరి చెప్పిన ‘దేశం’ ఇక్కడ పత్రం బయటి నుంచి వచ్చి అర్థాన్ని నిలబెడుతోంది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది గాని, ఈ సూత్రాలు అందులోనూ కొనసాగుతున్నాయి.

ఇక ముందు వీలునామా రాయబోయే పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ‘ఆస్తిలో సగభాగం నా పెద్ద కుమారునికి చెందవలెను. మిగిలిన సగభాగమును నా చిన్న కుమారుని ముగ్గురు పిల్లలు తలా ఒక సమాన వాటాగా పంచుకొనవలెను’ అని రెండు వాక్యాలుగా రాసి, ఆ ముగ్గురి పేర్లు కూడా చెప్పండి. ‘వగైరా’ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడండి. ‘ఇల్లు, పశువుల కొట్టం, దొడ్డి వగైరాలు’ అని రాస్తే, ముందున్న మాటల జాతికి చెందినవే వగైరాలో చేరతాయని వాదించడానికి వీలుంటుంది. బ్యాంకులోని డబ్బు అందులోకి రాదని అనడం తేలిక.

ప్రశ్న: మా అపార్టుమెంటు నోటీసులో ‘1వ తేదీ నుంచి 10వ తేదీ వరకు నిర్వహణ రుసుము చెల్లించాలి’ అని రాశాం. పదో తేదీన కట్టినవారికి ఆలస్య రుసుము వేయవచ్చా?
(సంఘం కార్యదర్శి, హైదరాబాద్)

జవాబు: వేయకూడదు. ‘వరకు’ అన్న మాట ఆ రోజును కలుపుకుంటుందనే ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. అయితే ‘నుంచి’ విషయంలో వాడుకకూ, చట్టానికీ తేడా ఉంది. ‘సోమవారం నుంచి సెలవు’ అంటే సోమవారం బడి ఉండదని చంటిపిల్లలకు కూడా తెలుసు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షను మాత్రం, కేంద్ర చట్టాలలో కాలాన్ని చెప్పేటప్పుడు ‘ఫ్రమ్’ అంటే మొదటి రోజును విడిచిపెట్టడానికీ, ‘టు’ అంటే చివరి రోజును కలుపుకోవడానికీ సరిపోతుందని చెబుతోంది. పాత దస్తావేజుల్లో ‘నుంచి’ అనే అర్థంలో వచ్చే ‘లగాయతు’ మీద కూడా ఇదే పేచీ రావచ్చు. ఇకమీదట ‘1వ తేదీ, 10వ తేదీ రెండూ కలుపుకొని’ అని ఒక ముక్క చేర్చండి.

ప్రశ్న: ఒకే శాస్త్రవాక్యానికి వ్యాఖ్యాతలు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెప్పడం చూస్తే, అది పాండిత్య ప్రదర్శన తప్ప మరేమీ కాదనిపిస్తుంది. ఈ భేదాల వల్ల జనజీవితంలో తేడా ఏమైనా వచ్చిందా?
(న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ఎంతో తేడా వచ్చింది. వసిష్ఠ ధర్మసూత్రంలో ‘భర్త అనుజ్ఞ లేకుండా స్త్రీ కొడుకును దత్తత ఇవ్వకూడదు, తీసుకోకూడదు’ అని ఒక వాక్యం ఉంది. భర్త బతికి ఉండగా దీని అర్థం తేటగానే ఉంటుంది. భర్త పోయిన తరువాత ఈ అనుజ్ఞ మాట ఏమవుతుంది? వాక్యం ఏమీ చెప్పదు. దత్తత జరిగే సమయానికి అనుజ్ఞ ఇవ్వడానికి భర్త ఉండాలి కాబట్టి వితంతువు దత్తత తీసుకోనే కూడదని మిథిల పండితులు చదివారు. భర్త బతికుండగా ఇచ్చిన అనుమతి ఆయన పోయాక కూడా పనిచేస్తుందని బెంగాలువారు అన్నారు. ఈ నిషేధం భర్త జీవించి ఉన్న కాలానికే గాని, ఆ తరువాతి కాలానికి వర్తించదని మహారాష్ట్ర సంప్రదాయం తేల్చింది. దక్షిణాదిలో భర్త అనుమతి లేకపోయినా ఆయన సపిండుల, అంటే దగ్గరి రక్తబంధువుల, సమ్మతి ఉంటే చాలునన్నారు. రామనాథపురం సంస్థానం వ్యాజ్యంలో 1868లో, అప్పట్లో మన దేశపు వ్యాజ్యాలకు చివరి అప్పీలు కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రివీ కౌన్సిల్ ఈ పాఠాలన్నిటినీ పరిశీలించి, దక్షిణాది పాఠాన్ని ఈ ప్రాంతానికి ఖాయం చేసింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలలో కూడా ఆ నియమమే నడిచింది.

అంటే బిడ్డలు లేని వితంతువు ఒక పిల్లవాణ్ణి పెంచుకుని తన ఇంటిని నిలుపుకోగలదా లేదా అన్నది ఆమె ఏ ప్రాంతంలో పుట్టి, ఏ వ్యాఖ్యానం కిందికి వచ్చిందన్న దాని మీద ఆధారపడింది. మూలవాక్యంలో ‘జీవించి ఉన్న భర్త’ అనో, ‘భర్త పోయిన పిమ్మట కూడా’ అనో ఒక్క మాట ఉంటే ఇన్ని భేదాలు వచ్చేవి కావు. ఆ భేదాలు చాలించి, వితంతువు తన సొంత హక్కుతోనే దత్తత తీసుకోవచ్చునని చెప్పడానికి 1956లో చట్టం చేయవలసి వచ్చింది.

అదే వసిష్ఠుడు ‘ఒక్కగానొక్క కొడుకును ఇవ్వకూడదు, తీసుకోకూడదు, పూర్వుల వంశం నిలపవలసినవాడు వాడే కదా’ అన్నాడు. ఇక్కడి ‘కూడదు’ నిషేధమా, హితవా? మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన బలుసు వారి వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ 1899లో దీన్ని హితవుగానే గ్రహించి, అటువంటి దత్తత చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆజ్ఞకు కారణం చెప్పనక్కరలేదు, కారణం చెప్పి ఒప్పించబోయే వాక్యం ఉపదేశమవుతుందనే మీమాంసకుల (వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రజ్ఞుల) తర్కం ఆ వాదంలో బలంగా నిలిచింది. నియమావళులు రాసే సంఘాలవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ‘రాకూడదు’ అన్నదానికి ఫలితం ఏమిటో, అంటే వస్తే అనుమతి రద్దవుతుందో, జరిమానా పడుతుందో చెప్పకపోతే, అది ఆజ్ఞ అని నిరూపించడం కష్టమవుతుంది.

ప్రశ్న: ఇక్కడ పుట్టిన మా పిల్లలు, స్నేహితులతో సినిమాకు వెళ్లివచ్చి, రాని నాతో ‘మనం సినిమా చూశాం’ అంటున్నారు. ఈ తేడా నేర్పడం అంత అవసరమా?
(తెలుగు బడి నడిపే పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: అవసరమే. వినేవారిని కలుపుకుంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’ అనే విభజన తెలుగుకు దొరికిన గొప్ప సౌకర్యం. ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఒకే మాటతో రెండు పనులూ చేయాలి కాబట్టి, ఎదుటివారు ఆ లెక్కలో ఉన్నారో లేదో సందర్భాన్ని బట్టి ఊహించవలసి వస్తుంది. పిల్లలకు సూత్రంగా చెప్పకండి. ‘మేము భోజనానికి వెళ్తున్నాం’ అని చెప్పి వాళ్లను అక్కడే వదిలి నాలుగడుగులు వేయండి, తరువాత ‘మనం భోజనానికి వెళ్తున్నాం’ అని చేయి పట్టుకోండి, చాలు. అయితే మన భాషకూ ఇటువంటి లోటు లేకపోలేదు. కర్తను చెప్పకుండా ‘వచ్చింది’ అంటే అమ్మాయో, ఆవో, బస్సో తెలియదు. ‘వారు వచ్చారు’ అంటే గౌరవించవలసిన ఒకరో, పదిమందో తెలియదు.

ప్రశ్న: సందిగ్ధత దోషమైతే శ్లేషను అలంకారమని ఎందుకు మెచ్చుకుంటారు? ద్వ్యర్థి కావ్యాలు కేవలం కసరత్తులు కావా?
(సాహిత్యాభిమాని, తిరుపతి)

జవాబు: ఏ అర్థమో తేలకపోవడం దోషం. రెండు అర్థాలూ పూర్తిగా తేలి, రెండూ కావలసినవే కావడం శ్లేష. వినేవారిని నడిదారిలో వదిలేయకుండా, కవి రెండు ప్రకరణాలనూ తానే కట్టి ఇస్తాడు. 16వ శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారత కథలను ఒకే పద్యాలలో నడిపాడు. ఏ కథ చదువుతున్నామో పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి ఆ కథ ప్రకారం పదాలు విరుగుతాయి. తరువాత ఎలకూచి బాలసరస్వతి మూడు కథల కావ్యం కూడా రాశాడు. వీటిలో కొన్నిచోట్ల శ్రమ కనిపిస్తుందన్న మీ మాట కాదనను. కానీ శ్లేష హృదయాన్ని తాకగలదనడానికి ఆలంకారికులు ఉదాహరించే ఒక సంస్కృత శ్లోకం చాలు.

ఒక పేద కవి రాజు దగ్గరికి వెళ్లి, ‘ప్రభూ, ఇప్పుడు మన ఇళ్లు రెండూ సమానంగా ఉన్నాయి’ అంటాడు. ‘పృథుకార్తస్వరపాత్రం’ అన్న మాటను ‘పృథు కార్తస్వర’ అని విరిస్తే పెద్ద పెద్ద బంగారు పాత్రలున్న ఇల్లు, ‘పృథుక ఆర్తస్వర’ అని విరిస్తే పసిపిల్లల ఆకలి ఏడుపులున్న ఇల్లు. ‘భూషిత’ అంటే రాజుగారి పరిజనం నగలతో అలంకరించుకున్నది, ‘భూ ఉషిత’ అంటే కవి ఇంటివారు కటిక నేల మీద పడుకున్నవారు. ‘విలసత్కరేణుగహనం’ రాజుగారి ఇంట ఆడ ఏనుగుల గుంపు, బ, వ లకు భేదం లేదనే నియమంతో కవి ఇంట కన్నాల్లోని ఎలుకలు తోడిపోసిన దుమ్ము. చేయి చాచి అడగలేని మనిషి తన దారిద్ర్యాన్ని పొగడ్తలోనే దాచి రాజు ముందు పెట్టాడు. ఒక్క అర్థం గల వాక్యంతో ఈ పని జరగదు. దీన్ని కసరత్తు అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: రెండర్థాలు వచ్చేలా రాసి, అవసరం వచ్చినప్పుడు తమకు అనుకూలమైన అర్థం చెప్పి తప్పించుకునేవారున్నారు. నేను చేయించుకున్న ఒక బీమా పాలసీ అలాగే ఉంది. ఇది అబద్ధం కిందికి రాదా?
(విశ్రాంత ఉద్యోగి, వరంగల్)

జవాబు: మీరు అడిగినది భాష కంటే ధర్మానికి దగ్గరైన ప్రశ్న. దీనికి మహాభారతమే సమాధానం చెప్పింది. అశ్వత్థామ చనిపోయాడా అని ద్రోణుడు అడిగినప్పుడు ధర్మరాజు ఆ పేరు గట్టిగా చెప్పి, ‘ఏనుగు’ అన్న మాటను అవ్యక్తంగా పలికాడని వ్యాసుడు రాశాడు. మాటల వరకు చూస్తే ధర్మరాజు ఉన్నదే చెప్పాడు. కానీ ద్రోణుడు తన కొడుకు గురించి అడుగుతున్నాడని ఆయనకు తెలుసు, ఆ ప్రకరణంలో ఆ మాట ఏ అర్థంతో చెవిని చేరుతుందో కూడా తెలుసు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలను తాకిందని ఇతిహాసం చెప్పింది. వినేవారు ఏ అర్థం తీసుకుంటారో తెలిసి, ఆ అర్థం అబద్ధమని కూడా తెలిసి పలికిన మాట, అక్షరాలలో నిజమున్నంత మాత్రాన నిజం కాదు. నేను ఈ తీర్పును పూర్తిగా నమ్ముతాను.

ఇక మీ పాలసీ సంగతి. పత్రాన్ని ఏ పక్షం తయారుచేసిందో, అందులోని సందిగ్ధతను ఆ పక్షానికి వ్యతిరేకంగానే చదవాలనే నియమం న్యాయస్థానాల్లో ఉంది. బీమా ఒప్పందాల విషయంలో సందిగ్ధత గాని, సందేహం గాని ఉంటే కంపెనీకి ప్రతికూలంగా అర్థం చెప్పాలని సుప్రీంకోర్టు 1966లోనే పేర్కొంది. పాలసీ వాక్యాలను కూర్చే అవకాశం కంపెనీకే ఉంటుంది, కొనేవారికి సంతకం పెట్టడం తప్ప ఒక్క మాట మార్చే వీలు ఉండదు కాబట్టి ఇది న్యాయమైన నియమం. అయితే వాక్యం తేటగా ఉన్నప్పుడు, మనకు ఇష్టం లేని అర్థం వచ్చిందని దానిలో సందిగ్ధతను కల్పించడానికి న్యాయస్థానం ఒప్పుకోదు. అందువల్ల మీరు మొదట ఆ షరతును పూర్తిగా, దాని నిర్వచనాల పేజీతో కలిపి చదవండి. రెండర్థాలు నిజంగా వస్తున్నాయనిపిస్తే, ఆ రెండింటినీ విడివిడిగా రాసి, వీటిలో మీరు ఒప్పుకునేది ఏదో చెప్పండని కంపెనీకి ఉత్తరం పంపి, వారిచ్చే జవాబును పాలసీతో పాటు భద్రపరచండి. ఆ పని క్లెయిము అవసరం రాకముందే చేయండి.